రామక్క తోటకి పట్టిన మంగు

మోక ఊర్లో రామక్క చీనీ బత్తాయి తోట పక్కన పోయేవాళ్ళు నోరు మూసుకుని పోవాల. పొరపాటున "కాయలు బాగుండాయే" అన్నారా, అయిపోయినారు! వాళ్ళెదురుగానే చెట్ల చుట్టూ ఉప్పు తిప్పి పొయ్యిలో పోస్తాది.

అట్లాంటి తోటలో నిలబడి, కంప్లి నుంచి వచ్చిన ఆడబిడ్డ సుబ్బరత్నమ్మ ఉండబట్టలేక అనేసింది. "ఏం కాపే రామక్కా! కొమ్మలు విరిగేట్టుండాయి."

ఆ ఆడబిడ్డంటే రామక్కకి ప్రాణం. కొత్త కోడలుగా అత్త చేత తిట్లు తిని ఏడ్చినప్పుడల్లా కండ్లు తుడిచింది ఆమె కొంగే. అందుకని ఆ పొద్దుకి ఊరుకుంది.

నెల తిరక్కుండా కాయల తోలు మీద మాడిన రొట్టె మాదిరి మచ్చలు లేచినాయి. రామక్క మిరపకాయల పొగ వేసింది, కొమ్మకి పాత చెప్పు కట్టింది. అబ్బే, మచ్చ ఆగితే గదా! మళ్ళీ వచ్చిన సుబ్బరత్నమ్మని వాకిట్లోనే నిలబెట్టి, "నీ కన్ను పడినాకే నా తోట ఇట్లయింది వదినా" అనేసింది. సుబ్బరత్నమ్మ సంచి గూడా దించలా. వచ్చిన దోవనే వెనక్కి పోయింది. గౌరి పండక్కి గూడా పుట్టింటి గడప తొక్కలా. రామక్క పైకి "పోతే పోనీ" అంటాదే గానీ, ఆమె కూర్చునే పీట మీద ఇంకెవర్నీ కూర్చోనిచ్చేది కాదు.

ఒకనాడు, పంటల తెగుళ్ళకి మందు చెప్పే గ్రామసేవక్ హంపన్న సైకిలు దిగి తోటలోకొచ్చినాడు. వేలాడే చెప్పు చూసి నవ్వు ఆపుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీసి, మచ్చ ఇంకా పాకని పచ్చకాయ మీద పెట్టి, "నోడమ్మా, ఇట్లా చూడు" అన్నాడు.

రామక్క ఒక కన్ను మూసి చూసింది. "అయ్యయ్యో, ఇవేందప్పా? పసుపు నలకలు నడస్తాండాయే!"

"మంగు నల్లి. ఉత్త కంటికి ఆనవు. లేత కాయకి చేరి తోలు రసం పీలుస్తాయి. గంధకం పొడి నీళ్ళలో కలిపి, ఎండ ముదరకముందే కాయలకీ ఆకుల అడుక్కీ తడిసేట్టు కొట్టించు. నడిమధ్యాన్నం కొడితే ఆకులే మాడిపోతాయి. పట్టిన మచ్చ పోదు గానీ, లోపల తీపికేం కాదు."

"ఎవరన్నా బాగుండాయంటే వస్తాదా ఇది?"

"గాలికొస్తాదమ్మా. మనిషి మాటకి రాదు."

రామక్క కొమ్మకి కట్టిన పాత చెప్పు విప్పి అవతల పారేసింది.

గంధకం కొట్టినాక మంగు పాకడం నిలిచిపోయింది. కాయలు పండేసరికి రామక్క మచ్చలవే ఏరి గంపకెత్తి కంప్లి బస్సెక్కింది. దోవపొడుగునా ఏమనాలో అనుకుంటానే పోయింది. ఆడబిడ్డ మొహం చూసేసరికి అన్నీ మరిచిపోయింది. గంప దించి, "నల్లి, వదినా. నీ కన్ను కాదు. నా నోరు పడిపోను" అని బావురుమంది.

సుబ్బరత్నమ్మ గడప మీద కూర్చుని ఒక కాయ వలిచి తొన నోట్లో వేసుకుంది. రసం మోచేతి దాకా కారింది.

"ఎట్లుండాది వదినా?"

"ఏమో తల్లీ, నేనేమీ అననులే" అని ఇంకో తొన అందుకుంది.

రామక్క ఆమె చెయ్యి పట్టేసుకుంది. "అను వదినా! నోరారా అను. వచ్చే కాపుకి వచ్చి, ఒక్కో చెట్టు కాడా నిలబడి అను!"

"తియ్యగా ఉండాదే పిచ్చిదానా" అంది సుబ్బరత్నమ్మ. "కాళ్ళు కడుక్కోని లోపలికి రా."