ఇరవై శాతం దగ్గర ఆగిన పడవ

మూడేళ్ల కిందట, వానలు తగ్గిన వెంటనే, పటమటలోని మా కంపెనీ నన్ను నాగాయలంక దిగువన ఉన్న ఒక మత్స్యకార పల్లెకు పంపింది. అప్పుడు నా హోదా సైట్ ఇంజనీర్. పైన ప్రాజెక్టు మేనేజర్ ప్రసాద్ గారు. ఇరవై నాలుగు అడుగుల ఫైబర్ పడవలో డీజిల్ ఇంజను తీసేసి బ్యాటరీ మోటారు బిగించడం నా పని. అది కుదిరితే ఆ పల్లెలోనే మరో పదకొండు పడవలు మార్చాలని, పని అప్పగించిన సంస్థతో ఒప్పందం. ఇప్పుడు నేను ఆ పని చేయడం లేదు.

పడవ నాంచారయ్య గారిది. ఆయనకు యాభై దాటాయి. బావమరిది పోతురాజుతో కలిసి, కృష్ణానది సముద్రంలో కలిసే మొగ దాకా వెళ్లి వల వేసేవారు. ఆ చేపలను ఆయన భార్య నాగమణి గారు అవనిగడ్డలో అమ్మేవారు.

ముందు పాత ఇంజను బరువు తూచాను. దానికి సరిపోయేలా బ్యాటరీ పెట్టెను పడవ మధ్యలో, అడుగు నుంచి జానెడు ఎత్తున బిగించి, నీరు చేరకుండా సీలు చేశాను. వెనక చెక్కకు మోటారు, పడవకు పైకప్పులా కట్టిన స్టీలు గొట్టాల చట్రంపై రెండు సోలార్ ప్యానెళ్లు పెట్టాను. బ్యాటరీ నిండుగా ఉంటే నిలకడ నీటిలో మూడు గంటలు నడుస్తుందని లెక్క వేశాను.

బ్యాటరీ పూర్తిగా ఖాళీ అవుతూ ఉంటే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకని చార్జి ఒక స్థాయికి పడగానే మోటారుకు కరెంటు ఆపేసే రక్షణ యూనిట్ ఒకటి ఉంటుంది. ఆ స్థాయిని ఇరవై శాతంగా పెట్టింది నేను. మొదటి డ్రాయింగులో, దాన్ని దాటి మోటారు నడపడానికి ఒక అత్యవసర స్విచ్ కూడా గీశాను. ప్రసాద్ గారు చూసి, "అది పెడితే రోజూ నొక్కుతారయ్యా. ఏడాది తిరక్కుండా బ్యాటరీ తెచ్చి మన నెత్తిన పడేస్తారు" అన్నారు. నేను వాదించలేదు. నాకూ అలాగే అనిపించింది. స్విచ్ కొట్టేసి సంతకం చేశాను.

మొదటిసారి నడిపిన రోజు ఊరంతా గట్టున చేరింది.

"శబ్దం లేదు, పొగ లేదు. ఇదేం ఇంజనండీ బాబూ, అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా ఉంది" అన్నారు నాంచారయ్య గారు.

"నెల తిరగనీ, అప్పుడు తెరుస్తాడు నోరు" అన్నారు నాగమణి గారు.

తర్వాత ఆయన నన్ను పక్కకు పిలిచారు. "డీజిలు అయిపోయే ముందు ఇంజను నాలుగైదుసార్లు దగ్గుద్ది. ఇదేం చేసుద్ది?"

ఎర్ర లైటు వెలుగుతుందని, అది చూడగానే తిరిగి వచ్చేయమని చెప్పాను.

"ఒచ్చేత్తాను. ఒచ్చేలోపే ఆగితే?"

"ఆగదండీ" అన్నాను. నా లెక్క నిలకడ నీటికి వేసినది.

రెండో వారం తనిఖీకి వెళ్లేసరికి ప్యానెళ్ల మీద తడి వల పరిచి ఉంది. అలా కప్పితే చార్జి ఎక్కదని చెప్పాను.

"గట్టున ఆరేత్తే కుక్కలు లాగేత్తన్నాయి. మా వలలకి మేడ కట్టించారనుకున్నాం" అని నవ్వారు నాగమణి గారు. వల తీస్తూ, "మరెక్కడ ఆరేసుకోమంటారు బాబూ?" అని అడిగారు. సూచనల కాగితంలో ప్యానెళ్లపై వల ఆరేయరాదని ఒక వాక్యం చేర్చి, నాంచారయ్య గారి చేత సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

అయిదో వారంలో ప్రమాదం జరిగింది. ముందురోజు పగలంతా ప్యానెళ్ల మీద వల ఉండడంతో బ్యాటరీ సగమే నిండింది. మీటరు చూసి, వెళ్లి రావడానికి చాలనుకున్నారు. మొగ దగ్గర ఎర్ర లైటు వెలగగానే నాంచారయ్య గారు పడవ తిప్పారు. అప్పటికే పాటు మొదలైంది. నీరంతా సముద్రంలోకి లాగుతోంది. ఎదురు వెళ్లడానికి మోటారును పూర్తి వేగంతో నడపక తప్పలేదు. మడ చెట్ల గట్టుకు మూడు వందల మీటర్ల దూరంలో అది ఆగిపోయింది.

ఆ తర్వాతి సంగతి పోతురాజు చెప్పాడు. "బావ తాళం తిప్పాడండి, మళ్లీ తిప్పాడు. పలకలేదు. గెడ దింపితే అడుగు అందలా. లంగరేత్తే ఇసకలో జారిపోయింది."

పాటుకు కొట్టుకుపోయి, మొగ దగ్గరి అలల్లో పడవ తిరగబడింది. పోతురాజు ఖాళీ డబ్బా పట్టుకుని ఒడ్డు చేరాడు. నాంచారయ్య గారి శవం మర్నాడు మధ్యాహ్నం దొరికింది.

ఇసుక దిబ్బకు తగిలి ఆగిన పడవలో బ్యాటరీ పెట్టె తెరిచాను. లోపల చుక్క నీరు లేదు. ల్యాప్‌టాప్ తగిలించి రికార్డు చూశాను. ఇరవై శాతం చార్జి ఉంది. నెమ్మదిగా నడిపితే దాదాపు గంట నడుస్తుంది. పాటుకు అడ్డంగా గట్టు చేరడానికి పది నిమిషాలు చాలు.

సూచనలకు విరుద్ధంగా ప్యానెళ్లపై వల ఆరబెట్టడమే కారణమని ప్రసాద్ గారు నివేదిక రాశారు. అందులో అబద్ధం లేదు. నేనూ సంతకం చేశాను.

దినం అయ్యాక సామాను విప్పడానికి వెళ్లాను. నాగమణి గారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"ఆ వల ఆరేసింది నేనే బాబూ. నా మూలానే చార్జి అయిపోయిందంటగా."

"అయిపోలేదండీ. ఇంకా ఉంది."

"ఉంటే ఎందుకాగింది?"

"అక్కడికి రాగానే ఆగేలా నేనే పెట్టానండీ. బ్యాటరీ పాడవకుండా."

ఆమె నేను విప్పి పెట్టిన బ్యాటరీ పెట్టె వైపు చూశారు. తర్వాత, "బ్యాటరీ బానే ఉందా?" అని అడిగారు.

ఉందని చెప్పాను.

ఆ వారమే రెండో నివేదిక రాశాను. తీసేసిన స్విచ్ సంగతి, మిగిలిన చార్జి సంగతి అందులో పెట్టి, ప్రసాద్ గారికి, పని అప్పగించిన సంస్థకు పంపాను. మిగతా పడవల పని నిలిచిపోయింది. నెల తర్వాత నేను ఉద్యోగం మానేశాను.

నేను నేర్చుకున్నది ఇది. నీటి మీద తిరిగే యంత్రం మనిషిని హెచ్చరించవచ్చు, వేగం తగ్గించవచ్చు. ఆపే అధికారం మాత్రం పడవలో కూర్చున్నవాడికే ఉండాలి. బ్యాటరీ పాడైతే మార్చుకోవచ్చు. దీనికి పెద్ద చదువు అవసరం లేదు. డ్రాయింగు మీద సంతకం చేసిన రోజున కూడా ఇది నాకు తెలుసు.