నాయన తల ఆకారం

"టోపీ బాగైతే వస్తాను, లేకుంటే లేదమ్మా" అన్నాడు నాయన.

కుప్పంలో, మా అత్తగారి ఊరి చర్చిలో, మా పాపకు బాప్తిస్మం. మందుల వల్ల నాయన తలమీద ఒక్క వెంట్రుక మిగల్లేదు. అప్పటి నుంచి మదనపల్లెలో ఇల్లు కదలడం లేదు. అమ్మ లేదు. నాకు పుట్టింటి మనిషంటే ఆయనొక్కడే. ఆయన రాకపోతే పాపను ఎత్తుకుని అత్తగారి వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే నిలబడాలి.

టోపీ మా తాతది. మిషన్ ఆసుపత్రిలో తోటపని చేసే రోజుల్లో, ఊరొదిలి వెళ్తూ ఒక దొర ఇచ్చిన గోధుమరంగు ఫెల్టు టోపీ. ట్రంకుపెట్టెలో దుప్పట్ల కింద పడి చపాతీలా అయింది. దాన్ని పుంగనూరులో నేనుండే అద్దె ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో, వారానికోసారి వస్తాడు. తక్కిన రోజుల్లో ఇంట్లో నేనూ పాపే.

పాపను ఉయ్యాలలో పడుకోబెట్టి పొయ్యి వెలిగించాను. లేచి పాక్కుంటూ ఆవిరి దగ్గరికి వస్తుందేమోనని వంటింటి గుమ్మానికి కుర్చీ అడ్డం పెట్టాను. అయినా మధ్యమధ్య వెళ్ళి ఊపిరి తీస్తోందో లేదో చూసొచ్చాను. ఇడ్లీ పాత్ర ఆవిరికి ఫెల్టు మెత్తబడింది. బోర్లించిన సత్తు గిన్నె మీద లాగి తొడిగి, పురికొసతో బిగించి, అంచు మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. ఆరాక తీస్తే చక్కగా, గుండ్రంగా వచ్చింది. వీడియో కాల్‌లో మా ఆయనకు చూపించాను.

"బాగుండాది. అయితే మీ నాయన తల గిన్నె మాదిరి ఉంటాదా?" అని నవ్వాడు. ఇంతలో ఎవరో పిలిస్తే ఫోన్ పెట్టేశాడు.

నాకు నవ్వు రాలేదు. నిజమే, గుండ్రటి తల ఎవరికుంటుంది?

అంతకు ముందువారం మదనపల్లె వెళ్ళినప్పుడు తడి తుండుతో నాయన తల తుడిచాను. బుద్ధెరిగాక ఆయన తలను తాకింది అదే మొదటిసారి. నుదురు ముందుకు పొడుచుకుని ఉంటుంది, వెనక ఒక పక్కకు బొడిపె. కళ్ళు మూసుకుంటే అదంతా నా అరచేతుల్లోనే ఉంది. పాప గుడ్డలు మడిచి గిన్నెకు ముందూ వెనకా కట్టాను. తడుముతూ, ఎక్కువైతే విప్పుతూ, తక్కువైతే చేర్చుతూ, చేతులు ఒప్పుకునేదాకా చేసి, టోపీకి మళ్ళీ ఆవిరి పట్టి దానిమీద తొడిగాను.

అది ఆరుతుండగా గుర్తొచ్చింది, చర్చిలో మగవాళ్ళు టోపీ పెట్టుకోరని. ఫోన్ చేశాను.

"నాయనా, లోపల టోపీ తియ్యాల కదా?"

"తియ్యాలమ్మా. నాకు తెలీదా?"

"మరి యాల ఇదంతా?"

"దావన నడిచేదానికమ్మా! జుట్టు పోయిన కొత్తల్లో పాలకని పోతే అంగడాయన 'ఏమప్పా, తిరుపతికి పోయొచ్చినావా? లడ్డు యాడ?' అన్నాడు. కుప్పం బస్టాండు నుంచి చర్చి దాకా ఎంతమందికని చెప్పేది, ఇది మొక్కు కాదప్పా, జబ్బు అని? లోపల ఉండే దేవునికి తెలుసులే."

నాయన వచ్చాడు. కుప్పం బస్టాండుకు ఎదురెళ్ళి నేనిచ్చిన టోపీని బస్సు దిగగానే పెట్టుకున్నాడు. అద్దంలో చూసుకోవాల్సిన పని లేకుండా కూర్చుంది. చర్చి గుమ్మం దగ్గర తీసి నా చేతికిచ్చి, పాపను తాను ఎత్తుకున్నాడు. బోడితలతోనే అందరి ముందూ నా పక్కన నిలబడ్డాడు.

సాయంత్రం మా ఆయన బెంగళూరు రైలెక్కాడు. నేనూ నాయనా ఒకే బస్సులో బయల్దేరాం. పుంగనూరులో దిగి నాలుగు రోజులుండమంటే "రేపు మందులు ఎక్కించుకోవాల కదమ్మా" అన్నాడు. పాపను భుజాన వేసుకుని, కిటికీలో ఆ టోపీ కనపడినంతసేపూ నిలబడి ఇంటికొచ్చాను.

ఆ సత్తు గిన్నె ఇప్పటికీ అలమర మీద బోర్లించే ఉంది. ఒక్కదానికి వండుకోవడానికి చిన్న గిన్నె చాలు. పాపకు గుడ్డలు చాలక రోజూ ఉతుకుతున్నాను గానీ, గిన్నెకు కట్టినవి మాత్రం విప్పలేదు.