చుట్టాలకి పీఎఫ్ ఉండదు

ఆ రోజుల్లో మా జీతాల్లో కోత ఉండేది గనక, నా మాటల్లోనూ కాస్త కోత కోసుకుని చదవండి. డెబ్బైల్లో గవర్నర్‌పేటలో నేను గుమాస్తాగా చేరిన బట్టల కొట్టు కృష్ణా బ్యారేజీ అంత పొడుగు (కోసుకోండి), మా షావుకారుగారి పొట్ట ఇంద్రకీలాద్రి అంత ఎత్తు (ఇది కోయక్కర్లేదు). ఇరవైమంది పనివాళ్ళుంటే ప్రావిడెంట్ ఫండు కట్టాలని చట్టం. మేం ఇరవై ఆరుగురం. ఆయన పీఎఫ్ పేరు చెప్పి నెలనెలా అందరి జీతంలోనూ కోసేవారు. పీఎఫ్ ఆఫీసుకి మాత్రం మా కొట్టొకటుందన్న సంగతే తెలీదు. మా వాటాకి తన వాటా కలిపి కట్టాల్సిన మనిషి, మా వాటానే తన వాటా చేసుకున్నారన్నమాట.

ఓ మధ్యాహ్నం పీఎఫ్ ఇన్‌స్పెక్టరు కొట్టు ముందు సైకిలు దిగాడు. షావుకారుగారు చటుక్కున ఏడుగురిని ఏరి, "మీరు పనివాళ్ళు కాదర్రా, నా చుట్టాలు. జీతం లేకుండా సాయానికొచ్చారు, తెలిసిందా?" అని చెవుల్లో ఊదేశారు. నాకు మేనల్లుడి వేషం దక్కింది.

"మీ అమ్మగారు ఈయనకి అక్కా, చెల్లెలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అక్కండీ" అన్నాను నేను. "చెల్లెలండీ" అన్నారు షావుకారుగారు, సరిగ్గా అదే క్షణాన.

"కన్నది చెల్లెలు, పెంచింది అక్కండీ" అని అతికించేశాను. ఆ తెలివికి నాకు నేనే ముద్దొచ్చాను.

చివరికి మిగిలింది బాబాయి. మంగళగిరిలో మగ్గం మానేసి మా కొట్లో చీరలు మడతపెట్టే పెద్దాయన. షావుకారుగారితో సహా అందరం బాబాయనే పిలిచేవాళ్ళం (అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో). రెండు కళ్ళకీ శుక్లాలు. ఏది అంచో ఏది కొంగో వేళ్ళతో తడిమి చెప్పేవాడు. పని మానగానే ఆ పీఎఫ్ డబ్బుతో ఆపరేషన్ చేయించుకోవాలని ఆయన ఆశ.

"బాబాయినంటే నా కోత డబ్బులకేం కాదు గదా అబ్బాయ్?" అని గుసగుసగా అడిగాడు.

"ఏం కాదు బాబాయ్, నాదీ పూచీ."

జీతం లేని చుట్టమని ఇన్‌స్పెక్టరు రాసిన కాయితం మీద సంతకం ఎక్కడ పెట్టాలో ఆయన వేలు పట్టుకుని చూపించింది కూడా నేనే.

ఏడాది తిరక్కుండానే ఎవరో జీతం చీటీ జతచేసి ఆకాశరామన్న ఉత్తరం రాశారు. పంతొమ్మిదిమందే గనక చట్టం తమకి వర్తించదంటూనే ఈ కోతేమిటని షావుకారుగారి మీద కేసు పడింది. షావుకారుగారు జరిమానా కట్టి, పుస్తకంలో ఉన్న పంతొమ్మిదిమందికీ కోసింది కక్కారు. ఆ వారంలోనే కొట్టుకి కొత్త రంగూ వేయించారు. బాబాయి వెళ్ళి చెయ్యి చాచాడు.

"సొంత బాబాయివి, నీకు పీఎఫ్ ఏమిటి బాబాయ్? కాయితం మీద నీ సంతకమే ఉందిగా!"

మెట్లు దిగుతూ బాబాయి నా భుజం తట్టి, "పోన్లేరా మనవడా" అన్నాడు (షావుకారు మేనల్లుణ్ణి గనక వరస కూడా సరిపోయింది).

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. పటమటలో కూరలబండి కుర్రాడు "బాబాయ్" అని పిలిస్తే, ఏ కాయితం మీద సంతకం పెట్టమంటాడోనని చేతులు వెనక్కి పెట్టుకుంటాను; వాడు నవ్వుతాడు, నేనూ నవ్వుతాను. మొదట్లోనే ఒప్పుకున్నాను గనక కల్పించిందేదో చెప్పేయాలి. మేం ఇరవై ఆరుగురమన్నది నిజమే, అక్కాచెల్లెళ్ళ గొడవా నిజమే. బాబాయి నా భుజం తట్టలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ తడుముకుంటూ నా పక్కనుంచే వెళ్ళిపోయాడు. నేనక్కడ ఉన్నట్టు ఆయనకి కనబడలేదు. నేనూ పలకలేదు.