ఇంటివాళ్లది చివరి బంతి

కిరండూల్ స్టేషన్ దగ్గరి హోటల్లో నన్ను షిఫ్టుకు పెద్దను చేసిన తొలి ఆదివారం, నా అంత తెలివైనది బస్తర్ మొత్తంలో లేదనుకున్నాను. ప్రార్థన ముగిసి చర్చి జనం ఒక్కసారిగా దిగారు. వాళ్ల వెనకే సంతకొచ్చినవాళ్లు. పది బల్లలూ నిండిపోయాయి, ఉన్నది ఒక్కటే పెనం. అటు నుంచి "దీదీ, మేరా దోసా?" ఇటు నుంచి "అమ్మాయ్, సాంబారు!"

నేను వరస కట్టేశాను. పసిపిల్లలున్న బల్ల ముందు, పెద్ద గుంపు తర్వాత, ఒక్కరే వచ్చినవాళ్లు ఆ తర్వాత. ఒకే రకం దోసెలు కలిసి పెనమెక్కేలా చీటీలు పేర్చి ఇచ్చాను. ఎవర్నీ మెచ్చుకోని దోసెల మాస్టారు కూడా "పర్లేదమ్మా, బుర్రున్నాది నీకు" అన్నాడు. ఇంకేం, నా కాళ్లు నేల మీద నిలవలేదు.

అప్పుడొచ్చాడు నాన్న. గూడ్సు బండి నడుపుతాడు. అమ్మ ఊరెళ్లింది కనక ఇక్కడే నాలుగు ఇడ్లీలు తిని డ్యూటీ ఎక్కాలి. ఎక్కితే మళ్లీ ఎప్పుడు తింటాడో దేవుడికెరుక. ఆ సంగతి నాకు తెలీదా? తెలుసు. అయినా నవ్వి, ఆయన చీటీ అన్నిటికీ అడుగున పెట్టాను. మా ఇళ్లలో ఏ శుభకార్యమైనా ఇంటివాళ్లది చివరి బంతి. సొంత నాన్నకు ముందు పెడితే నలుగురూ ఏమనుకుంటారు!

నాన్నా ఆ పద్ధతిలో పెరిగినవాడే. అడగలేదు. మంచినీళ్లు తాగాడు, గడియారం చూసుకున్నాడు. నేను ఇంకో గుంపును కూర్చోబెట్టి వచ్చేసరికి కుర్చీ ఖాళీ.

"మీ నాన్నగారెల్లిపోనారమ్మా" అన్నాడు మాస్టారు. "బండెక్కే మనిసెవులో సూసుకోవద్దేటి? అయినా ఇడ్లీకి నా పెనంతో పనేటి? వాయి దిగి అక్కడే ఉన్నాది కదా!"

సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను నేనే తిట్టుకుంటూ ఇడ్లీలు పొట్లం కట్టి, నిండు హోటల్ని మాస్టారి మీదొదిలేసి పరుగెత్తాను. నాన్న అప్పటికే ఇంజన్ మెట్టు మీద ఉన్నాడు. పొట్లం అందిస్తుంటే ఏడుపొచ్చేసింది.

"ఒక్కమాట అడగొచ్చు కదా నాన్నా!"

"అంతమందిని నువ్వు నడిపిస్తంటే సూస్తా కూకున్నానమ్మా. ఆకలి గుర్తు రాలేదు" అన్నాడు. వెంటనే గొంతు పెంచి, "పనొగ్గేసి వొచ్చేసినావేటి? ఎల్లు ముందు!"

కళ్లు తుడుచుకుంటూ వెనక్కి పరుగెత్తాను. సగం దూరం వెళ్లానో లేదో, ఇంజన్లోంచి కేక.

"సట్నీ కట్టినావా?"

కట్టలేదు.