పద్దెనిమిదో ఫారం

ఇక్బాలున్నీసాకి తెలుగు చదవడం రాదని మలక్‌పేటలో ప్రింటింగ్ ప్రెస్సు నడిపే భిక్షపతి పందొమ్మిదేళ్ళుగా నమ్ముతూ వచ్చాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. పని ఇచ్చిన మొదటిరోజే సూటిగా అడిగాడు. "భాభీ, తెలుగు చదవొస్తదా?" అంతకుముందు పనిచేసిన బైండరొకడు, ఇంకా బజారులోకి రాని పరీక్షల గైడును తీసుకెళ్ళి పోటీవాళ్ళ చేతిలో పెట్టాడట. అప్పటినుంచి చదువురాని చేతులకే పని ఇస్తానని భిక్షపతి ఒట్టేసుకున్నాడు. ఆమె దుపట్టా సర్దుకుని, "రాదు సేఠ్. అంకెలొస్తయి, గంతే," అంది.

పచ్చి అబద్ధం. ఆమె తండ్రి సైదాబాద్‌లో ఒక సర్కారు తెలుగు బడిలో అటెండరు. ఆ బడిలోనే ఆమె ఏడో తరగతి దాకా చదివింది. తర్వాత బడి మానిపించారు గానీ చదవడం మానిపించడం ఎవరి వల్లా కాలేదు. బజ్జీలు కట్టిచ్చిన కాగితాన్ని కూడా నూనె తుడిచి చదివే మనిషి. అలాంటి మనిషిని అచ్చు కాగితాల మధ్య కూర్చోబెట్టి చదవొద్దంటే చదవకుండా ఉంటుందా!

ధూల్‌పేట్ పక్క గల్లీలో ఆమెది రెండు గదుల ఇల్లు. ముందు గదే కార్ఖానా. ప్రెస్సు నుంచి పెద్ద పెద్ద షీట్లు వస్తాయి. ఒక్కో షీటు మీద పదహారు పేజీలు. దాన్నే ఫారం అంటారు. ఇక్బాలున్నీసా వాటిని మడతపెట్టి వరసగా పేరుస్తుంది. ఆమె భర్త బాబూమియా సూదీ దారంతో కుడతాడు. ఆయనకి ఉర్దూ తప్ప ఏ అక్షరమూ రాదు. అందుకని చేతులు మడుస్తుంటే ఆమె కళ్ళు చదివేవి, నోరు ఇంటి భాషలోకి మార్చి చెప్పేది. వచ్చిన చిక్కల్లా ఒకటే. మెషీను మీద ఏ ఫారం ముందు పూర్తయితే అదే ముందు ఇంటికొచ్చేది. దాంతో ఎన్నో నవలల్లో వాళ్ళకి ముందు శవం దొరికేది, ఆ తర్వాత వారానికి ఆ శవానికి పెళ్ళిచూపులు జరిగేవి. మధ్యలో ఏం జరిగి ఉంటుందో ఇద్దరూ చాయ్ పందెం కట్టి ఊహించేవాళ్ళు. ఎప్పుడూ ఆమే గెలిచేది. చాయ్ మాత్రం ఎప్పుడూ ఆమే పెట్టేది. అదేం న్యాయమో బాబూమియానే చెప్పాలి.

ఆ ఏడు వినాయక చవితికి ఇంకా నెల ఉందనగా 'ఎర్ర రిజిస్టర్' అనే నవల వచ్చింది. రాసినాయన ఉమాపతి. తెనాలి నుంచి ఉద్యోగానికొచ్చి, ముప్పై నాలుగేళ్ళు ఆఫీసు ఫైళ్ళతో కాపురం చేసి, సైదాబాద్‌లో స్థిరపడి రిటైరైన సెక్షన్ ఆఫీసరు. మొదటి నవల. మొదటి నాలుగు అధ్యాయాలు వాట్సాప్ గ్రూపులో పెట్టేసరికి పాఠకులు వెర్రెక్కిపోయారు. ఆరు వందలమంది ముందే పేర్లు రాయించుకున్నారు. వాళ్ళలో సగంమంది ఆయనలాగే రిజిస్టర్ల మధ్య బతికి వచ్చినవాళ్ళు. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు పంపుకోవడం మానేసి, కుట్ర ఎవరిదని కొట్లాడుకుంటున్నారు.

కథ ఏమిటంటే, పేరు లేని ఒక రాష్ట్రంలో ప్రభుత్వం ఒక్కరోజులో కూలిపోతుంది. ముఖ్యమంత్రి నిర్దోషి అని చెప్పగలిగే కాగితం ఒకే ఒక్కటి, సచివాలయంలోని ఎర్ర అట్ట రిజిస్టర్‌లో ఉండాలి. ఉండదు. ఎవరు మాయం చేశారో శ్రీవత్స అనే చిన్న ఉద్యోగి వెతుకుతాడు.

పదిహేడు ఫారాలు వచ్చేశాయి. ముగింపు ఉన్న పద్దెనిమిదో ఫారాన్ని మాత్రం ఎక్కడా పొక్కకూడదని ఉమాపతి చివరిదాకా ఆపాడు. ఆ రోజు పొద్దున పదిహేడో ఫారం దింపడానికి భిక్షపతి వస్తే, మురిపెం పట్టలేక ఆయన కూడా వెంట వచ్చాడు. వచ్చినాయన ఊరుకోకుండా, గోడ ముందు మాట్లాడినట్టు ఇక్బాలున్నీసా ముందే మొదలుపెట్టాడు.

"సాయంత్రం నాలుక్కి చివరి ఫారం మెషీనెక్కించేద్దామండీ. డిప్యూటీ సెక్రటరీయే తీశాడని ఎవడూ పట్టుకోలేడు. జాడే లేదు కదా! చివర్లో వాడే పశ్చాత్తాపపడి ఒప్పేసుకుంటాడు."

"మస్తుంటది సార్," అన్నాడు భిక్షపతి, నవల చదవకుండానే.

వాళ్ళు వెళ్ళాక ఆమె పదిహేడో ఫారం మడుస్తూ చదవసాగింది. 'శ్రీవత్స రిజిస్టరును ఒక్కో కాగితమే తిప్పి చూశాడు. చిరిగిన అంచు లేదు. కత్తిరించిన గుర్తు లేదు. మిగిలిన ఏ కాగితమూ కదల్లేదు. నేరస్థుడు చిన్న జాడ కూడా వదల్లేదు.' ఆమె చేయి ఆగిపోయింది.

"ఏందే, ఆగినవ్?" అన్నాడు బాబూమియా సూది పైకెత్తి.

"గిది అయ్యేటిది కాదు. నువ్వే చెప్పు, కుట్టిన కితాబులకెళ్ళి ఒక్క కాయితం తీస్తె ఇంకోటి కదలకుండ ఉంటదా?"

"ఎట్లుంటది? దాని జోడీ కాయితం వదులై ఊసొస్తది." ఆయనకి ఆలోచించే పనే లేకపోయింది. సూర్యుడు ఎటు పొడుస్తాడని అడిగినంత తేలిక ప్రశ్న అది ఆయనకి.

"మరి సార్ ఊసిరాలేదని రాసిండు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముప్పై నాలుగేళ్ళు రిజిస్టర్లు తిరగేసిన మనిషికి రిజిస్టరు ఎలా కుడతారో తెలియదు! అంతలో ఆమెకి అయిదో ఫారం గుర్తొచ్చింది. అందులో డిప్యూటీ సెక్రటరీ పెళ్ళి కార్డులు అంటించుకుంటానని అటెండరు దగ్గర గమ్ సీసా తీసుకుంటాడు. ఉమాపతి ఏదో సందడికి రాసుకున్న ముక్క అది. కానీ కథల్ని ముక్కలుగా విని అతికించుకోవడమే అలవాటైన ఇక్బాలున్నీసా మనసులో ఆ సీసా వచ్చి ఎర్ర రిజిస్టరు పక్కన కూర్చుంది. దొంగ జాడ దొరికింది!

"సార్‌కి చెప్పాలె," అంది లేస్తూ.

బాబూమియా సూది కింద పెట్టేశాడు. "పాగల్ అయినవా? చెప్తె నీకు చదవొస్తదని తెలుస్తది. పందొమ్మిదేండ్ల అబద్ధం. పని పోతది, ఇజ్జత్ పోతది. ఎవరిదో కితాబు, నీకెందుకు ఫికర్?"

ఆమెకీ భయమేసింది. పని పోతే ఇల్లు నడవడం కష్టం. అంతకన్నా, పని పోతే చదవడానికి ఈ ఇంటికి ఒక్క కాగితం రాదు. పదిహేడో ఫారాల దొంతర వైపు చూసింది.

"ఎవరిదో ఎట్లయితది? నేను మడిచిన, నువ్వు కుట్టినవ్. ఆరు వందల మంది చదివి నవ్వుతుంటె చూస్తవా?"

ఆయన లేచి అటక మీదున్న పాత రిజిస్టరు దించి ఆమె చేతికిచ్చాడు.

ఆటో గల్లీ దాటేసరికే మూడు దాటింది. రోడ్డుకి రెండువైపులా రంగు వేయని వినాయకులు ఆరుతున్నారు. ఒక పెద్ద విగ్రహాన్ని లారీ ఎక్కిస్తూ దారి మొత్తం ఆపేశారు. ఆ విగ్రహం తొండానికి తాడు కట్టడం, విప్పడం, మళ్ళీ కట్టడం చూస్తూ ఆమె రిజిస్టరును ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ప్రెస్సులో అడుగుపెట్టేసరికి మెషీను ముందు ఉమాపతి అగరొత్తులు వెలిగిస్తున్నాడు.

"సేఠ్, ఆపుండ్రి! కథల తప్పుంది."

భిక్షపతి తెల్లబోయాడు. "కథల తప్పా? నీకెట్ల తెలుసు?"

"చదివిన," అంది ఇక్బాలున్నీసా.

ఆ ఒక్క మాటతో ప్రెస్సులో అందరూ ఆమె వైపు తిరిగారు. ఉమాపతి మాత్రం తప్పు అన్నమాట దగ్గరే ఆగిపోయాడు. "తప్పేవిటమ్మా? ముప్పై నాలుగేళ్ళు రిజిస్టర్లతో బతికినవాణ్ణి నేను!"

"బతికిండ్రు సార్. కుట్టలే."

రిజిస్టరు బల్ల మీద పెట్టి, ఒక కాగితాన్ని కుట్టు దగ్గర పట్టుకుని మెల్లగా లాగింది. అది చేతికొచ్చింది. తర్వాత రిజిస్టరును తలకిందులుగా ఎత్తి ఒక్కసారి దులిపింది. నాలుగు కాగితాల అవతలున్న ఇంకో కాగితం జారి, ఉమాపతి చెప్పుల దగ్గర పడింది.

"కుట్టిన కితాబుల ఏ కాయితం ఒంటరిగ ఉండదు సార్. దానికో జోడీ ఉంటది. రెండూ ఒకటే షీటు. కోస్తె కుట్టు కాడ పట్టీ మిగుల్తది, గుంజితె జోడీ ఊసొస్తది. ఏదీ కనబడలేదంటె, ఎవరో జోడీని గోందు పెట్టి అంటించిండ్రు. గమ్ సీసా ఎవరడిగిండ్రో మీరే రాసిండ్రు గద, అయిదో ఫారంల!"

ఉమాపతి వంగి ఆ కాగితం తీసుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా, నాకు రెండ్రోజులు టైమివ్వండి," అన్నాడు. మెషీను ఆగింది.

భిక్షపతి కోపం మాత్రం ఆగలేదు. "పందొమ్మిదేండ్లు నన్ను ఎర్రోన్ని జేసినవ్ భాభీ. చదవరాదనే గద ఇచ్చిన! ఇన్ని కితాబుల గుట్టు నీ చేతిల పెట్టిన!" ఆయన గొంతులో కోపంకన్నా నొప్పి ఎక్కువుంది. ఆమె తల దించుకుంది. చివరికి ఆయనే అన్నాడు. "మిగతా ఫారాలన్నీ నీ ఇంట్ల ఉన్నయి కాబట్టి ఇది నీకే పంపుత. చదవనని ఒట్టెయ్, కసమ్ తిను. తర్వాత నీ తొవ్వ నీది, నా తొవ్వ నాది."

"కసమ్," అంది ఆమె.

పద్దెనిమిదో ఫారం మూడోరోజు వచ్చింది. ఆరు వందల షీట్లు. ఆమె బతుకులో అంత బరువైన కాగితం మోయలేదు. కళ్ళు అలవాటుగా అక్షరాల మీదికి పరిగెత్తేవి. వాటిని చెవి పట్టుకుని లాక్కొచ్చి పేజీ అంకె మీద కూర్చోబెట్టేది. బాబూమియా అయితే బతిమాలాడు. "ఒక్క లైను చెప్పు. దొంగ దొరికిండా, లేదా? ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది," అని మడత నొక్కింది.

పుస్తకాలు లెక్కపెట్టుకుని తీసుకెళ్ళారు. తర్వాత మూడు వారాలు ఏ ఫారమూ రాలేదు. బాబూమియా పాత ఖురాన్లకి, పిల్లల నోటుపుస్తకాలకి అట్టలు వేస్తూ పొద్దుపుచ్చాడు. ఆమె మందుల చీటీలు కూడా రెండుసార్లు చదివింది.

కబుర్లు మాత్రం కూతురు షిఫా ఫోనులోంచి వచ్చాయి. పాఠకులు తమలో తాము కట్టుబాటు పెట్టుకున్నారట, చివరి పదహారు పేజీల గురించి ఎవరూ బయటపెట్టకూడదని. అందుకని అందరూ ఒకటే ముక్క రాస్తున్నారు. 'చదివేశారా? అయితే మీ ఆఫీసు రిజిస్టరు ఒకసారి దులపండి!' ఒక తహసీల్దారు గారు దులిపితే రెండు కాగితాలు నిజంగానే రాలాయట, ఆఫీసంతా లొల్లి అట. ఇక్బాలున్నీసా కడుపు పట్టుకుని నవ్వింది. తన మాట సార్ విన్నాడు. చాలు అనుకుంది. చాలదని కూడా ఆమెకి తెలుసు.

ఉమాపతి స్వయంగా వచ్చి పిలిస్తే, సైదాబాద్‌లో పాఠకుల సభకి మొగుడూ పెళ్ళాలు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నారు. హాలు కిటకిటలాడుతోంది. ముందు వరసలో భిక్షపతి. బిందుమాధవి అనే పాఠకురాలు లేచింది. రికార్డు రూములో ఇరవై ఆరేళ్ళు పనిచేసిందట.

"ముగింపులో వచ్చే ఆ పాత్ర ఎవరండీ? నాకు శ్రీవత్స కంటే, ముఖ్యమంత్రి కంటే ఆవిడే నచ్చింది. మా ఇంట్లో అందరికీ ఆవిడే హీరో."

హాలంతా చప్పట్లు. ఉమాపతి పుస్తకం తీసుకుని నేరుగా వెనక వరసకి నడిచాడు. "రెండొందల డెబ్భై మూడో పేజీ నుంచి చదవండమ్మా. గట్టిగా."

ఆమె పుస్తకం అందుకుంది. భిక్షపతి వెనక్కి తిరిగి చూస్తున్నాడు. బిస్మిల్లా అనుకుని మొదలుపెట్టింది. "శ్రీవత్స ఓడిపోయి ఇంటికి బయల్దేరాడు. దారిలో ధూల్‌పేట్ పక్క గల్లీలో ఒక బైండింగు కార్ఖానా కనిపించింది. లోపల ఒకామె ఫారాలు మడుస్తోంది. ఆమె పేరు..."

ఆగిపోయింది. అక్షరాలు అలుక్కుపోయాయి. రేషన్ కార్డు మీద తప్ప ఎక్కడా అచ్చులో చూడని పేరు అది. హాలంతా ఎదురుచూస్తోంది. బాబూమియా గాభరాగా మోచేతితో పొడిచాడు. "ఏందే, ఏం రాసిండు?"

"ఆమె పేరు ఇక్బాలున్నీసా," అని చదివి దుపట్టాతో మొహం కప్పుకుని ఏడ్చింది. హాలు లేచి నిలబడింది. ఆ చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

అవి సద్దుమణిగాక ఆమె కళ్ళు తుడుచుకుని మిగతాదంతా చదివింది. "బతికారు, కుట్టలేదు" అన్న మాట దగ్గర బిందుమాధవి ఈల వేసిందంటే నమ్మాలి. దొంగ దొరికినప్పుడు అందరికన్నా గట్టిగా "షాబాష్!" అని అరిచింది బాబూమియా. కథ మొత్తంలో ఆయన విననిది ఆ ఒక్క ఫారమే మరి.

సభ అయ్యాక భిక్షపతి మెల్లగా దగ్గరికొచ్చాడు. "భాభీ, నిజంగనే చదవలేదా?"

"కసమ్ తిన్న గద సేఠ్."

"నీ పేరు కాడ నీ మొహం చూసిన. తెలిసింది." ఆయన సంచిలోంచి దారంతో కట్టిన కాగితాల కట్ట తీసి ఆమె ముందు పెట్టాడు. చేతిరాత. ఎవరిదో కొత్త నవల. "ఇంకా కంపోజ్ గాలే. ముందు నువ్వు చదువు. తప్పుంటే చెప్పు. కుట్టుడు తర్వాత చూద్దాం."

ఇంటికెళ్ళే ఆటోలో ఆమె కట్ట విప్పింది. పైన ఒకటో పేజీ, దాని కింద రెండో పేజీ. పందొమ్మిదేళ్ళలో కథ మొదటినుంచి మొదలవడం ఇదే మొదలు. బాబూమియా దగ్గరికి జరిగి కూర్చున్నాడు. చాదర్‌ఘాట్ దాటేలోపే ఒక పందెం ఓడిపోయాడు. ఆ సాయంత్రం చాయ్ ఆయనే పెట్టాడు.