కొండకింద బీడుకు వేసిన సున్నా

కొత్త జిల్లాలు ఏర్పడి ప్రకాశం హద్దులు మారిన ఏడాది నన్ను మార్కాపురం బదిలీ చేశారు. వాటర్‌షెడ్ పథకంలో సహాయ ప్రాజెక్టు డైరెక్టరు పోస్టు, మా వాడుకలో ఏపీడీ. మండలాల్లో తిరిగే సాంకేతిక అధికారులకు పైన, ఒంగోల్లో కూర్చునే ప్రాజెక్టు డైరెక్టరుకు కింద. పైనుంచి వచ్చే తిట్లను కాస్త మెత్తబరిచి కిందికి చేరవేయడం ఆ పోస్టులో సగం పని. మా ఆయన పోయాక వచ్చిన మొదటి బదిలీ అది. ఒక్క గది అద్దెకు తీసుకున్నాను. సాయంత్రం ఆఫీసుకు తాళం పడితే మళ్లీ తెల్లారి తాళం తీసేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. ఒంటరితనం అలవాటైపోతుందని అందరూ చెప్పారు. నాకైతే కాలేదు.

కరోనా దెబ్బకు పడిపోయిన పల్లెల ఆదాయాన్ని మళ్లీ నిలబెట్టాలని ఆ రోజుల్లో ప్రతి సమీక్షలోనూ చెప్పేవారు. చంద్రశేఖరపురం మండలంలో ఒక ఊరికి కొండకింద ఉమ్మడి బీడు ఉంది. దానికి కంచె వేసి జామాయిల్ నాటాలని, కర్ర కాగితం మిల్లుకు అమ్మి వచ్చింది ఊరంతా పంచుకోవాలని ప్రతిపాదన వచ్చింది. మంచిచెడ్డలు తూచి నివేదిక ఇవ్వడం నా పని. మా నమూనాలో ఎడమవైపు ఆ నేల మీద ఇప్పుడొచ్చే ఆదాయం, కుడివైపు పనయ్యాక రాబోయే ఆదాయం రాయాలి. ఎడమవైపు మా సాంకేతిక అధికారి అప్పటికే సున్నా వేసి పంపాడు. అతని తప్పేం లేదు. రశీదు లేనిది ఆదాయం కాదన్నది మా శాఖలో ఆనవాయితీ. బీడు గడ్డికి రశీదు ఎవరిస్తారు?

నేను వెళ్లింది వేసవిలో. బీడు మీద కొండయ్య గొర్రెలు మేస్తున్నాయి. కొండయ్యకు యాభై దాటి ఉంటాయి. హైదరాబాదులో సెంట్రింగ్ పని చేసేవాడు. కరోనాలో పనులు ఆగిపోతే ఊరికి తిరిగొచ్చి, చేతిలో ఉన్నదంతా పెట్టి ఈ మందను కొన్నాడు. తర్వాత మేస్త్రీ పనికి రమ్మని కబురు పంపినా పోలేదట. ఎందుకని అడిగాను.

"ఆడ వానొస్తే పని బందు అక్కా. ఈడ వానొస్తే గడ్డొస్తాది" అన్నాడు.

ఈ బీడు లేకపోతే ఏం చేస్తావంటే, మళ్లీ హైదరాబాదేనని గొర్రెల వైపు చూస్తూ చెప్పాడు. పల్లెలు కోలుకోవడం గురించి మేం సమావేశాల్లో మాట్లాడుకునేది ఈ మనిషి అప్పటికే ఎవరి సాయమూ లేకుండా చేసుకున్నాడు. ఇప్పుడు మేం చేయబోయే సాయం అతన్ని ఊరు దాటించేలా ఉంది.

జీపుకు పంక్చరై డ్రైవరు చక్రం తీసుకుని పోవడంతో పొద్దు వాలేదాకా అక్కడే ఉండిపోయాను. ఆ పక్క పంట తీసిన చేలల్లో మంద పెట్టిస్తారు. అంటే గొర్రెలను చేలోనే వల కట్టి పడుకోబెడతారు. వాటి పెంటికలు, మూత్రం నేలలో కలిసి వచ్చే పైరుకు బలమవుతాయి. బదులుగా రైతు కొంత ధాన్యం ఇస్తాడు. మంద ఉన్నన్నాళ్లూ కాపరికి కూడు ఆ ఇంటినుంచే రావాలి, రాకపోతే ఊళ్లో తలవంపులు. ఆ పూట మంద రామిరెడ్డి కందిచేలో దిగింది. జామాయిల్ తోట కావాలని ఊళ్లో అందరికంటే ముందు సంతకం చేసింది ఆయనే. ఆయనే మోపెడ్ మీద క్యారియర్ తెచ్చి, నన్నూ కూర్చోబెట్టి, మంద కాడికొచ్చిన మనిషి తినకుండా పోకూడదన్నాడు. సజ్జరొట్టెలు, గోంగూర. చాలా నెలల తర్వాత ఇద్దరు మనుషుల మధ్య కూర్చుని తిన్నాను. దానికే అంత సంతోషం కలగడం చూసి నాకే సిగ్గేసింది.

తింటూనే అడిగాను, బీడుకు కంచె పడితే ఈ మంద ఎక్కడ మేయాలని.

"గొర్రెకు మేత కరువా మేడం. కొండ ఉండాది, డొంక ఉండాది. యాడో ఒకచోట మేపుకుంటాడు. ఏం మామా?" అన్నాడు రామిరెడ్డి. చుట్టరికం లేకపోయినా వరస కలిపి పిలుచుకోవడం అక్కడ మామూలే.

కొండయ్య రొట్టె మీంచి తలెత్తలేదు. పెట్టినవాడి కూడు తింటూ ఆ పెట్టినవాడికి అడ్డం చెప్పడం ఎవరివల్లా కాదు. గ్రామసభ రోజునా అంతే. అప్పటికి మంద ఇంకొకరి చేలో ఉంది, ఆయన కూడా తోట కావాలన్నవాడే. కొండయ్య వెనక నిలబడి విన్నాడు. మాట్లాడింది నేనొక్కదాన్నే. మంద రాకపోతే ఒక్కో చేనుకు ఎంత ఎరువు కొనాల్సొస్తుందో లెక్కగట్టి, అది ఈ బీడు ఇస్తున్న ఆదాయమేనని చెప్పాను. జనం మర్యాదగా విన్నారు. ఆ మర్యాద చూస్తేనే ఓడిపోయానని అర్థమైంది.

నివేదికలో సున్నా కొట్టేసి ఆ లెక్క రాశాను. ప్రాజెక్టు డైరెక్టరు చెడ్డవాడు కాదు. ఆడిట్‌లో దీనికేం చూపిస్తారమ్మా అని ఫోన్లో అడిగి, చివరికి సగం తోటకు, సగం మేతకు అని తీర్పు చెప్పాడు. బీడులో ఉన్న ఒకే ఒక్క నీటికుంట మేత సగంలో ఉండాలని రాశాను. మొక్కలకు నీళ్లు కావాలి కదా అని కుంట ఉన్న సగాన్నే తోటకిచ్చారు. కాగితం మీద మందకు సగం భూమి మిగిలింది. తాగే నీళ్లు కంచెకు అవతల పడ్డాయి. మొక్కలు నాటిన కొన్నాళ్లకే కొండయ్య మందను అమ్మేశాడని తెలిసింది. ఆ రోజు ఆ సంగతి ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. గదికి వెళ్లి తలుపేసుకున్నాను.

మరుసటి వేసవిలో రామిరెడ్డి మార్కాపురం ఆఫీసుకు వచ్చాడు.

"మంద పెట్టిద్దామంటే ఈ తూరి ఊళ్లో మందే లేదు మేడం. చేను గట్టిబడి పోయినాది. గొర్రెల ఎరువు లారీల్లో అమ్ముతా ఉండారంట. దానికేమన్నా సబ్సిడీ ఉందా?"

దెప్పాలని నోటిదాకా వచ్చింది. దరఖాస్తు చేతికిచ్చి, కొండయ్య ఎట్లా ఉన్నాడని అడిగాను.

"హైదరాబాదులో అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మన్‌గా ఉండాడు. మొన్న ఫోన్ చేసినాడు. ఈడ కూడు తెచ్చేటోళ్లు ఎవురుండారు అల్లుడూ, ఒక్కన్నే వండుకోని ఒక్కన్నే తింటుండా అన్నాడు." రామిరెడ్డి ఆ మాట చెప్పి దరఖాస్తు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఒక్కటే. నేలకు విలువ కట్టేటప్పుడు అది ఇప్పుడేమిస్తోందని అడిగితే సరిపోదు. అది ఇవ్వడం మానేసిన రోజున ఎవరెవరు ఏమేం కొనుక్కోవాలో కూడా అడగాలి. ఉద్యోగం చివర్లో రాసిన ఒక నివేదికలో ఎడమవైపు ఈ ప్రశ్నను చేత్తో రాసి పంపాను. నమూనాలో లేని గడి అని తిరిగొచ్చింది. రామిరెడ్డి దరఖాస్తు మాత్రం మంజూరైంది. లారీ ఎరువు తోలించుకుని, కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఇప్పుడు దానికి రశీదు ఉంది.