బర్రెల కొట్టానికి సిమెంటు నేల

మొన్న మా అపార్ట్‌మెంటు సెల్లారు నేలకు అద్దంలా మెరిసే కొత్త పూత పూయించారు. చూడటానికి ముచ్చటగానే ఉంది గాని, నేను చెప్పులు చేత పట్టుకుని, గోడకు చెయ్యి ఆనించి నడుస్తుంటే వాచ్‌మన్ నవ్వాడు. నున్నటి నేలంటే నాకెందుకంత బెదురో అతనికి చెప్పలేకపోయాను. నా ఈడువాళ్ళకైతే చెప్పుకోవచ్చు, ఆ రోజుల సంగతి వాళ్ళూ ఎరిగినదే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్న కాలం. మాదాపూర్ వైపు లేస్తున్న ఐటీ భవనాల్లో నేలపనులు చూసే సూపర్‌వైజరుగా ఉండేవాణ్ణి. మా ఆవిడను, పిల్లలను అనంతపురంలోనే ఉంచి, నిజాంపేటలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటామెను అక్కా అని పిలిచేవాణ్ణి. భర్త పోయాక ఆరు బర్రెలను పెట్టుకుని, చుట్టుపక్కల హాస్టళ్ళకు పాలు పోసి సంసారం ఈదుతున్న మనిషి. నా గదిని ఆనుకునే ఆమె కొట్టం ఉండేది. ఇనుప గొట్టాలు పాతి పైన రేకులు కప్పారు గాని కింద ఉత్త మట్టే. వాన పడితే పాపం ఆ బర్రెలు బురదలోనే నిలబడి, గిట్టలు మెత్తబడి కుంటేవి.

బందుల మీద బందులు. సైటు ఎప్పుడు నడుస్తుందో ఎప్పుడు ఆగుతుందో తెలియదు, మా పనులన్నీ వేరే రాష్ట్రానికి తరలిపోతాయని పూటకొక పుకారు, ఫోను చేసినప్పుడల్లా వచ్చెయ్యమని మా ఆవిడ పోరు. నాది సీమ అని ఎంత చెప్పుకున్నా టీకొట్టు దగ్గర నేను ఆంధ్రావాణ్ణే. గదిలో కూర్చోలేక వీధి చివరిదాకా పోవడం, పోయినవాణ్ణి అక్కడ నిలవలేక తిరిగి రావడం, ఇదే పని. ఒక పొద్దున అక్క నన్నాపి, కొట్టానికి సిమెంటు నేల వేయిద్దామనుకుంటున్నాను, ఎట్లా వెయ్యాలో కాగితం మీద గీసిమ్మని అడిగింది.

నాకు ప్రాణం లేచివచ్చినట్లయింది. టేపు పట్టుకుని మూలమూలా కొలిచాను. కింద మొరం పోసి గట్టిగా దిమ్మిస కొట్టడం, పైన నాలుగంగుళాల కాంక్రీటు, మేత తొట్టి నుంచి వెనక్కి కొద్దిగా వాలు, ఆ చివర మూత్రం పోయే కాలువ, అన్నీ గీసి, నచ్చక చింపి, మళ్ళీ గీశాను. అక్క మరిది ఏ ధర్నాకైనా ముందుండే మనిషి. నేను వింటుండగానే "మన కొట్టానికి ఆంధ్రాయనతోని నేలేంది వదినా, మనోళ్ళు లేరా?" అన్నాడు. అక్క నా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "నున్నగ జెయ్యకు తమ్మీ. బర్రె జారితే కాలు ఇరుగుతది" అని మాత్రం అంది.

బర్రెలను పక్కనున్న ఖాళీ వెంచరులో కట్టేసి, బందు లేని రోజు చూసి కాంక్రీటు పోయించాను. తడి ఆరకముందే కూలీలు చీపురుతో గరుకుగా గీతలు గీసుకుంటూ వచ్చారు. గుమ్మం దగ్గర కాస్త మేర మిగిలింది. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. చేతులు కట్టుకుని చూస్తున్న ఆ మరిదికి ఐటీ కంపెనీల పనితనం ఎలా ఉంటుందో చూపించాలనిపించి, తాపీ అందుకుని ఆ మేర అంతా స్వయంగా నున్నగా రుద్దాను.

పది రోజులు గోనెసంచులు కప్పి తడిపి, పదకొండో నాడు బర్రెలను తోలుకొచ్చాము. గుమ్మంలోనే చూడితో ఉన్న బర్రె ఒకటి ముందుకాళ్ళు రెండూ జారి, పొట్ట నేలకు తగిలేలా కూలబడింది. ఎంత అదిలించినా లేవలేదు. అక్క దాని మెడ కావలించుకుని కూర్చుంది. నాకు భయం వేసింది. గదిలోకి పోయి సంచి సర్దుకున్నాను. మామూలు రోజుల్లో అయితే అది నా ఒక్కడి తప్పే. ఆ రోజుల్లో అది మా ఊరి తప్పు, మా జిల్లా తప్పు అవుతుందనిపించింది.

ఎంతసేపు అలా ఉన్నానో, అక్క వచ్చి నా గది గుమ్మంలో నిలబడింది.

"ఏంది తమ్మీ, గిట్ల కూసున్నవ్? బర్రె లేసింది. నువ్వే లేస్తలేవు." సంచి వైపు చూసింది. "పోయేదుంటే పో. ముందుగాల నేల సక్కగ జేసి పో."

ఉలి, సుత్తి తీసుకుని మోకాళ్ళ మీద కూర్చుని, నేను నున్నగా రుద్దిన చోటల్లా గాట్లు కొట్టడం మొదలుపెట్టాను. కాసేపటికి మరిది ఇంకో ఉలి పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరం చెరోవైపు నుంచి గీతలు కొట్టుకుంటూ వచ్చాము.

"నీ మీద నాకేం కోపం లేదన్నా. గని మా రాష్ట్రం మాకు రావాలె" అన్నాడు చివరికి.

"రానీ తమ్ముడూ. ముందు నీ గీత వంకర పోతోంది, చూసుకో" అన్నాను.

ఇద్దరం నవ్వామో లేదో గుర్తు లేదు. అరచేతులు బొబ్బలెక్కడం గుర్తుంది. రెండు నెలలకు ఆ బర్రె క్షేమంగా ఈనింది. అక్క నా గదికి గిన్నెడు జున్ను పంపింది. సర్దిన సంచి ఎప్పుడు విప్పానో నాకే తెలియదు.

రాష్ట్రం వచ్చింది, పనులు ఎక్కడికీ పోలేదు, నేనూ పోలేదు. మావాళ్ళను ఇక్కడికే తెచ్చుకున్నాను. కదిలిపోవలసి వచ్చింది అక్కే. చుట్టూ ఫ్లాట్లు లేచాక వాసన అని కొత్తవాళ్ళు గొడవ పెట్టారు, హాస్టళ్ళు ప్యాకెట్ పాలకు తిరిగాయి, ఆమె బర్రెలను ఒక్కొక్కటిగా అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. కొట్టం ఉన్న చోట ఇప్పుడు అయిదంతస్తుల హాస్టలు ఉంది.

నేనీ అపార్ట్‌మెంటుకు వచ్చి ఎనిమిదేళ్ళయింది. మాది ఏ జిల్లా అని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మంచిదే అనుకుంటాను. నాకు ఏ పని వచ్చో కూడా ఎవరూ అడగలేదు.